నువ్వుగింజంత గుడి

పరదా దొరికిందన్న కబురు నాకు మొదట చెప్పింది మా చెల్లెలి మనవరాలు సువర్ణ. బాన్సువాడలో పాత భజన మందిరం కప్పు విప్పుతుంటే అటక మీద, విరిగిన హార్మోనియం పెట్టె వెనక, చాపలో చుట్టిన గుడ్డ ఒకటి బయటపడిందట. "అమ్మమ్మా, గుట్టలున్నయి, ఏరున్నది, కింద ఏవో అక్షరాలు గూడ ఉన్నయి. నువ్వు చెప్తుంటివి గద, గదేనా?" అని ఫోన్లో అడిగింది. గుండె దడదడ కొట్టుకుంది. సంతోషం వల్లనేమో అనుకున్నాను. కాదు. పదకొండేళ్ల పిల్లగా మాఘం నుంచి చైత్రం దాకా నేను మోసిన భయం అది. ఆ గుడ్డతో పాటే చాపలో చుట్టి అటకెక్కించినట్టున్నారు, విప్పగానే లేచి కూర్చుంది.

నేను పుట్టి పెరిగిన ఇల్లు బాన్సువాడ చివర, మంజీర వైపు పోయే బండ్లబాట పక్కన ఉండేది. ముందు వసారా, వెనక పశువుల కొట్టం, కొట్టం దాటితే మా చెరకు మడులు. మాఘమాసం వచ్చిందంటే ఇంట్లో పొద్దు చూసుకోవలసిన పని లేదు. తెల్లవారుతుంటే గానుగెద్దుల మెడగంటలు, పొద్దెక్కేసరికి పెనంలో రసం కాగే వాసన, దాని వెనకే చెరకు పిప్పి మంట పొగ. ఆ పొగ మా బట్టల్లో, జుట్టులో, దేవుడి గూట్లో పెట్టిన పూలలో కూడా ఉండేది. వసారాలో నాయినమ్మ గోనెపట్టా పరుచుకుని చింతపండు కొట్టి గింజలు తీసేది. ఆమెకు రెండు కళ్లకూ పొర వచ్చింది. గింజ వేలికి తగిలితే తీసేది, తగలకపోతే అది పులుసులోకి పోయేది. పంటికింద గింజ పడితే, మేము బాపు అని పిలిచే మా నాన్న మాట్లాడకుండా తీసి పళ్లెం అంచున పెట్టేవాడు. రోజూ స్నానం కాగానే ఆమె గోడ తడుముకుంటూ కొట్టం చివరికి పోయి, మంజీర అవతలి గుట్ట వైపు తిరిగి చేతులు జోడించేది. ఆ గుట్ట మీద చిన్న గుడి ఉండేది. కళ్లున్న మాకే అది తెల్లటి చుక్క.

చంద్రయ్య తాత ఆ మాఘానికి ముందటి వానాకాలంలో మా ఇంటికి వచ్చాడు. ఆయన నకాషీ. అంటే పటాలు రాసే మనిషి. ఊరూరా తిరిగి కులకథలు పాడేవాళ్లు పొడుగాటి బొమ్మల గుడ్డను వేలాడదీసి, కట్టెతో చూపిస్తూ కథ చెప్తారు కదా, ఆ గుడ్డలు రాసేది వీళ్లే. ఓరుగల్లు దిక్కు నుంచి ఒక పటం పని మీద వచ్చి, వానలకు చిక్కుకుని, మా కొట్టం పంచలో దిగాడు. సన్నగా, పొడుగ్గా, నడుము కొంచెం వంగి ఉండేవాడు. కుంచె ఎత్తేముందు దాన్ని రెండు కళ్లకూ అద్దుకునేవాడు. నాయినమ్మ తీసిన చింతగింజలన్నీ ఆయన నానబెట్టి, రుబ్బి, సుద్దతో, గంజితో కలిపి గుడ్డకు పూసేవాడు. "ఓ చంద్రయ్యా, నా గింజలన్ని నీ బొమ్మలకే పెడుతున్న. ఓ మూలకు నా ముఖం గూడ రాయరాదు?" అనేది నాయినమ్మ. "గన్ని ముడుతలు రాయాలంటె నా నల్లరంగు సరిపోదు పెద్దమ్మా" అనేవాడు. ఇద్దరూ పళ్లు లేని నోళ్లతో నవ్వుకునేవారు.

నాకు అక్షరాలు నేర్పింది ఆయనే. ఊళ్లో బడి ఉంది కానీ అది మగపిల్లలది, అప్పటి సర్కారు భాష ఉర్దూ కాబట్టి చదువూ ఉర్దూలోనే. బాపుకు ఉర్దూలో దస్తఖతు వచ్చు, తెలుగు అక్షరం రాదు. చంద్రయ్య తాత మాత్రం పటంలో ప్రతి బొమ్మ కింద పేరు రాసేవాడు. నేను ఆ పేర్ల మీద వేలు పెట్టి అడుగుతుంటే, ఒకరోజు కుంచెను నీళ్లలో ముంచి, పశువులకు దాణా నానబెట్టే నల్లబండ మీద 'అ' రాశాడు. ఎండకు అది చూస్తుండగానే ఆరిపోయేది. "ఆరకముందే పట్టుకోవాలె బిడ్డా" అనేవాడు. అట్లా నీళ్లతో రాసి, ఆరిపోయి, మళ్లీ రాసి, ఐదు నెలల్లో నాకు చదవడం వచ్చింది. ఈ వయసులో తెల్లవారి లేచి దేవుడి నామాలు చదువుకుంటున్నానంటే అది ఆ నల్లబండ పెట్టిన భిక్ష. దేవుడికి దండం పెట్టిన ప్రతిసారీ ఆ బండకూ మనసులో పెట్టుకుంటాను.

మాఘం నాటికి ఆయనకు పని లేకుండా పోయింది. కథలు చెప్పేవాళ్లు అంగట్లో అచ్చు బొమ్మలు కొనుక్కుంటున్నారు. ఆయన మూట కట్టుకునే ఆలోచనలో ఉన్నాడని నాకు తెలిసిపోయింది. సరిగ్గా ఆ రోజుల్లో ఊరి పటేలు గారు, మరో నలుగురు పెద్దలు మా వసారాలో కూర్చున్నారు. నవమి పందిట్లో ఆడే నాటకం గురించి మాటలు. దేవుడు పడవెక్కి నది దాటే ఘట్టానికి పరదా కావాలి. పటేలు గారు నిజామాబాద్‌లో ఎవరిదో నాటకం చూసి వచ్చారు. "ఏం పరదా అయ్యా అది! కొండలు దూరాన్నే ఉన్నయి, ఏరు దగ్గరికొచ్చింది. చెప్పులు చేత పట్టుకోని లోపలికి నడిచి పోవచ్చు అనిపించింది. మనకు గసుంటిది గావాలె" అన్నారు. నీళ్ల చెంబు కోసం లోపలికి వచ్చిన బాపు తలుపు చాటున ఉన్న నన్ను చూసి, "అనసూయా, నువ్వెప్పుడు తాత ఎంబడే ఉంటవు గద. గిట్ల దూరం దూరం కనవడే కొండలు, ఏరులు ఎన్నడన్న రాసిండా?" అని అడిగాడు.

"రాసిండు బాపు. నేను చూసిన."

నేను చూడలేదు. ఆయన అట్లాంటిది ఎన్నడూ రాయలేదు. ఎర్రటి నేల మీద వరుసగా నిలబడ్డ బొమ్మలే ఆయన రాసినవి. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందంటే, అది నా నోట్లోంచే వచ్చిందా అని నేనే ఉలిక్కిపడ్డాను. బాపు బయటికి పోయి, "మా చంద్రయ్య రాస్తడు పటేలా. నాది జిమ్మా" అన్నాడు. ఆ కాలంలో నలుగురి ముందు అట్లా పూచీ పడ్డాక మాట వెనక్కి తీసుకోవడం ఉండదు. ఆ పొద్దే దేవుడి గూటి ముందు నిలబడి, పరదా చక్కగా అయ్యేదాకా బెల్లం ముట్టనని మొక్కుకున్నాను. ఊరంతా బెల్లం కాగే నెలలో పదకొండేళ్ల పిల్లకు అంతకన్నా పెద్ద మొక్కు తోచలేదు.

గుడ్డ సిద్ధం కావడానికే వారం పట్టింది. కొట్టం గోడకు దాన్ని మేకులతో బిగించి, తాత రాయడం మొదలుపెట్టాడు. నేను పక్కన కూర్చుని రంగులు నూరుతూ, ప్రతి గీతా చూస్తున్నాను. కొండలు వచ్చాయి. ప్రతి బండకూ నల్లటి అంచు, ప్రతి చెట్టుకూ లెక్కపెట్టగలిగినన్ని ఆకులు. ఏరు వచ్చింది. కింద ఎంత వెడల్పో పైన కూడా అంతే వెడల్పు. ఏట్లో సామి ఎక్కే పడవ, చుట్టూ చేపలు, వాటి పొలుసులతో సహా. ఒక్కొక్కటి చూస్తే ముచ్చటగా ఉంది. అన్నీ కలిపి చూస్తే దూరం లేదు. నాకు అది కనపడుతోంది కానీ ఏం చెప్పాలో తెలియలేదు. అమ్మ రోజూ నా నుదురు పట్టి చూసేది. "పెనం కాడికి పోతలేదు, బెల్లం ముట్టుకుంటలేదు. ఏం ఫికర్ పట్టుకున్నదే నీకు?" అనేది.

పటేలు గారు చూడటానికి వచ్చిన రోజు నాకు ఇప్పటికీ మరుపు రాదు. చాలాసేపు చూసి, "ఏంది చంద్రయ్యా, ఏరు పండుకోకుండ నిలవడ్డదేంది? గోడకు ధోతి ఆరేసినట్టున్నది" అన్నారు. వెంట వచ్చినాయన, "చేపలు పడవకన్న పెద్దగున్నయి పటేలా. సామిని మింగుతయేమో, జర చూసుకోవాలె" అన్నాడు. అందరూ నవ్వారు. బాపు నవ్వలేదు, కింద పడ్డ గడ్డి పరకను తీసి విరుస్తూ నిలబడ్డాడు. "ఉగాది దాక చూస్త. అప్పటికి గిట్లనే ఉంటె నిజామాబాద్‌కెల్లి మనిషిని పిలిపిస్త. నీ జిమ్మా మాట నీకే వాపసు" అని బాపుతో చెప్పి పటేలు గారు వెళ్లిపోయారు. చంద్రయ్య తాత తడిగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడుచుకున్నవే మళ్లీ తుడుచుకున్నాడు.

మర్నాడు గానుగ దగ్గర ఉన్న బాపుకు సద్ది తీసుకుపోతూ కాలువ గట్టెక్కాను. అక్కడి నుంచి మంజీర కనపడుతుంది. రోజూ చూసేదే. కానీ ఆ రోజు భయంతో చూశాను కాబట్టి కొత్తగా కనపడింది. మూడు నాలుగు చోట్ల బెల్లం పెనాల పొగ లేచి పొలాల మీద పరుచుకుని ఉంది. నా కాళ్ల దగ్గరి చెరకు ఆకు అంచు కూడా కోసినట్టు కనపడుతోంది. ఏటి ఒడ్డు చెట్లు పొగలో మసకబారి ఉన్నాయి. అవతలి గుట్టలు పచ్చగా లేవు, నల్లగా లేవు, కట్టెల బూడిదలో నీలిమందు చుక్క కలిపినట్టున్నాయి. ఒక్క బండకూ అంచు లేదు. బాపు ఆకలితో ఎదురుచూస్తున్నా అట్లాగే నిలబడ్డాను. తర్వాత సద్ది ఇచ్చేసి ఇంటికి ఉరికి, "తాతా, దూరపు గుట్టకు గీత లేదు!" అన్నాను.

మరుసటి పొద్దున నాయినమ్మను తోడు పెట్టుకుని ముగ్గురం గట్టు మీదికి పోయాం. తాత ఒక గడ్డిపోచ తుంచి, చెయ్యి చాచి కంటి ముందు నిలువుగా పట్టాడు. దగ్గరి తుమ్మచెట్టు పోచంతా వచ్చింది. ఏటి అవతలి చెట్టు గోరంత వచ్చింది. ఏరు మా వైపు జానెడు, గుట్ట మలుపు దగ్గర దారం. ఆయన పోచను కిందికి దించి, మళ్లీ ఎత్తి, అట్లా ఎన్నిసార్లు చూశాడో. చివరికి గట్టు మీద కూలబడ్డాడు. "ఇది కన్ను చేసే మోసం బిడ్డా. ఉన్నది ఉన్నట్టు రాసుడు మా తాతలకెల్లి వచ్చింది. కన్ను మోసపోయినట్టు రాసుడు నాకెవరు నేర్పలే" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. నా అబద్ధం ఆ ముసలాయన్ని ఎక్కడికి తెచ్చిందో అప్పుడు అర్థమైంది. నాయినమ్మ మాత్రం, "నేర్పకపోతె ఏమాయె, కూసున్నవు గద, చూడు" అంది.

ఆయన పాత రంగంతా సుద్దతో కప్పేసి మళ్లీ మొదలుపెట్టాడు. ముందు గుట్టలకు ఆకుపచ్చ, వాటి వెనక వాటికి నీలం, ఇంకా వెనక వాటికి నీలంలో సుద్ద. దూరం పోయినకొద్దీ సుద్ద ఎక్కువ. నల్లగీత లేకుండా రాయడమే ఆయనకు కష్టమైంది. యాభై ఏళ్లుగా ప్రతి బొమ్మకూ చివరన నల్లగీత చుట్టిన చెయ్యి. అది దానంతటదే నల్లరంగు చిప్ప వైపు పోయేది. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని ఆపుకునేవాడు. ఏరు కింద చాప వెడల్పున మొదలై, వంపులు తిరుగుతూ సన్నబడుతూ, పొగలో కలిసిపోయింది. చేపలు తీసేశాడు. "పాపం, చేపలు" అన్నాడొకసారి. ఉగాదికి ఆరు రోజులుందనగా, నేను పశువుల గాడి దగ్గర నిలబడి చూస్తే, మొదటిసారి గోడ వెనక్కి జరిగినట్టనిపించింది.

అప్పుడు వచ్చింది అసలు చిక్కు. దేవుడు ఏ కొండకు పోతున్నాడో ఆ కొండ మీద గుడి ఉండాలని పటేలు గారు ముందే చెప్పారు. అది అన్నిటికన్నా దూరపు గుట్ట. తాత దాని మీద గుడి రాశాడు, గోపురం, కలశం, ద్వారంలో దీపంతో సహా, పడవంత పెద్దగా. రాయగానే అంత దూరమూ కూలిపోయింది. గుట్ట ఒక్క దూకులో ముందుకు వచ్చేసింది, ఏరు మళ్లీ లేచి నిలబడింది. ఆయనకూ తెలుసు. నా ముఖం చూసి, "చెప్పకు బిడ్డా. నాకు కనవడుతుంది" అన్నాడు. "పటంలో సామి ఎప్పటికి పెద్దగనే ఉండాలె. సేవకుడు చిన్నగ, రాజు పెద్దగ, అందరికన్న సామి పెద్దగ. మా అయ్య కుంచె చేతికిచ్చిననాడు చెప్పిన మొదటి మాట గది. చెట్టును చిన్నగ రాసిన, ఏరును చిన్నగ రాసిన. సామి గుడిని చిన్నగ రాయమంటె నా చెయ్యి కదుల్తలేదు." రెండు రోజులు కుంచె ముట్టలేదు. అన్నం కూడా సరిగ్గా తినలేదు. నేను గూటి ముందు కూర్చుని ఏం కోరుకోవాలో తెలియక ఊరికే దండాలు పెట్టాను. గుడిని చిన్నది చెయ్యమని దేవుడినే ఎట్లా అడగను?

మూడో రోజు పొద్దున నాయినమ్మ ఎప్పటిలాగే గోడ తడుముకుంటూ కొట్టం చివరికి వచ్చి, గుట్ట వైపు చేతులు జోడించింది. తాత ఆమెను రోజూ చూస్తున్నవాడే. ఆ రోజు అడిగాడు.

"ఎవరికి మొక్కుతున్నవు పెద్దమ్మా?"

"గుట్ట మీది సామికి. ఇంకెవరున్నరు ఆ దిక్కు?"

"కనవడుతుండా?"

"నీకు మతి లేదా చంద్రయ్యా, నా ముందటి ముంతనే కనవడది నాకు."

"మరి?"

"నాకు కనవడకపోతె ఏమాయె. ఆయనకు నేను కనవడుత గద" అని, కొంగు సర్దుకుని, చింతపండు దగ్గరికి పోయి కూర్చుంది.

తాత అక్కడే చాలాసేపు నిలబడి గుట్టను చూశాడు. తర్వాత బావి దగ్గరికి పోయి తలమీద నీళ్లు పోసుకుని, తడిబట్టతోనే వచ్చి, పెద్ద గుడిని సుద్దతో కప్పేశాడు. ఆ రోజంతా ఉపవాసం ఉన్నాడు. గుట్ట ఆరిన తర్వాత, ఉడుత వెంట్రుక కుంచెల్లో అన్నిటికన్నా సన్నదాన్ని కళ్లకద్దుకుని, శంఖం అరగదీసిన తెలుపుతో, శిఖరం మీద ఒక్క చుక్క పెట్టాడు. నువ్వుగింజంత. పెట్టి, గోడ మీంచి చెయ్యి తీసి, చెంపలు వేసుకున్నాడు.

చివరన కింది అంచు మీద అక్షరాలు రాయడం మిగిలింది. ఆయన కుంచె నా చేతికిచ్చాడు. "నీళ్లతోని రాసింది చాలు. ఇది ఆరినా పోదు. రాయి" అన్నాడు. పరదా రాయించి సామికి సమర్పించినవారు ఫలానా పటేలు గారు అని ఆయన చెప్తుంటే ఒక్కో అక్షరమే రాశాను. పక్కన జానెడు చోటు మిగిలింది. "నీ పేరు?" అని అడిగాను. "మా దిక్కు రాసినోని పేరు రాయరు బిడ్డా. రాయించినోని పేరే" అన్నాడు. కుంచెలో ఇంకా రంగుంది. ఆయన చిప్పలు కడుక్కోవడానికి అటు తిరిగాడు. రాయవచ్చు. పటేలు గారు ఏమంటారో, బాపు మాట ఏమవుతుందో అని భయపడ్డాను. కుంచె నీళ్లలో పెట్టేశాను.

ఉగాది నాడు మధ్యాహ్నం పరదాను పందిట్లో కట్టారు. ఊరంతా వచ్చింది. పటేలు గారు ముందుకు వచ్చి నిలబడ్డారు. వెనక్కి రెండడుగులు వేశారు, మళ్లీ ముందుకు వచ్చారు. "ఏరు పండుకున్నది" అన్నారు నెమ్మదిగా. నా ప్రాణం లేచి వచ్చింది. అంతలోనే, "గుడి రాయమంటి గద. గుడేది?" అన్నారు. తాత తల వంచుకున్నాడు. నా చెయ్యి పట్టుకుని ఉన్న నాయినమ్మ, "అనసూయా, గుట్ట ఏ దిక్కున్నదే?" అంది. ఆమె భుజాలు పట్టి పరదా వైపు తిప్పాను. ఇంట్లో రోజూ జోడించినట్టే చేతులు జోడించింది. ఆమె చేతులు ఎటు ఉన్నాయో అందరూ అటు చూశారు. పటేలు గారు దగ్గరికి వంగి, కళ్లు చిట్లించి, చుక్కను పట్టుకున్నారు. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే కాలి చెప్పులు విడిచి పక్కకు నెట్టారు.

ఆ సాయంత్రం బాపుకు నా అబద్ధం చెప్పేశాను, వెక్కి వెక్కి ఏడుస్తూ. ఆయన నా చేతిలో బెల్లం ముక్క పెట్టాడు. "నువ్వు చెప్పిన దినమే నేను చంద్రయ్యను అడిగిన. 'నేనెన్నడు రాయలే దొరా, రాదు' అన్నడు. రాదని నోటితోని చెప్పిండు గద, గంత నిజం చెప్పినోడు నేర్చుకోని రాస్తడనిపించింది, గందుకే నేను మాట వాపసు తీసుకోలే" అన్నాడు. అన్ని రోజులూ బాపు కూడా నాలాగే భయాన్ని మోశాడన్నమాట, నాకు తెలియకుండా. ఆ బెల్లం తీపి కన్నా ఆ మాటే ఎక్కువ గుర్తుంది. చంద్రయ్య తాత నవమి అయ్యాక మూట కట్టుకుని పోయాడు. ఆ తర్వాత ఊళ్లల్లో అల్లర్లు లేచాయి, బాటలు బందయ్యాయి, ఆయన కబురు మాకు మళ్లీ తెలియలేదు.

సువర్ణ వెంట పోయి పరదా చూశాను. ఎలుకలు పడవను సగం తినేశాయి. ఏరు మాత్రం ఇంకా లోపలికి పోతూనే ఉంది. తిరిగి వస్తూ కాలువ గట్టు మీద ఆటో ఆపించి దిగాను. బెల్లం పొగ లేదు, పెనాలు ఎప్పుడో పోయాయి. మా గుట్టను సగం దాకా తొలిచి కంకరకు తీసుకుపోయారు. దాని పాత ఆకారం ఇప్పుడు ఎలుకలు కొట్టిన ఆ గుడ్డ మీద తప్ప ఎక్కడా లేదు. నా కళ్లకూ నాయినమ్మ కళ్లలాగే పొర కమ్ముతోంది. అంతకుముందు మందిరంలో పరదా మీది చుక్క నాకు కనపడలేదు. సువర్ణ నా వేలు పట్టుకుని దాని మీద పెట్టింది. అది ఇంకా అక్కడే ఉంది. అంతకన్నా నాకేం కావాలి? దేవుడు నాకు చాలా ఇచ్చాడు.

కింద నా వంకర అక్షరాలున్నాయి, పటేలు గారి పేరుతో. పక్కన జానెడు చోటు ఇప్పటికీ ఖాళీగానే ఉంది. ఆ రోజు భయపడి రాయని పేరు ఇక్కడ రాస్తున్నాను. నకాషీ చంద్రయ్య. ఇది చదివినవారు ఎప్పుడైనా దూరాన ఏదో గుట్ట మీద తెల్లటి చుక్కను చూసి చేతులు జోడిస్తే, దాన్ని అంత చిన్నగా రాయడానికి తలమీద నీళ్లు పోసుకుని పస్తున్న ఆ ముసలాయన్ని ఒక్కసారి తలుచుకోండి.